హీరో ఎడమ చెయ్యి

ఈ మధ్య నాకు సినిమా చూడ్డం మహా కష్టమైపోయింది మిత్రులారా! కథలు బాగాలేక కాదు, కళ్ళజోడు మార్చుకోక కాదు. తెరమీద హీరో గిటార్ పట్టుకుని కనిపించాడంటే చాలు, నా చూపు ఆయన మొహం మీద నిలవదు, హీరోయిన్ మీద అసలే నిలవదు. తిన్నగా పోయి ఆయన ఎడమచేతి మీద వాలుతుంది. పల్లవి మొదలుకుని రెండో చరణం దాకా ఆ చెయ్యి ఒక్కచోటే, గోడకి కొట్టిన మేకులాగా! పాటలో కార్డులు ఇరవైసార్లు మారిపోతుంటే ఈయనగారి వేళ్ళు మాత్రం కదలవు. మొన్న హాల్లో "అన్యాయం!" అని పైకే అనేశాను. పక్కసీట్లో ఉన్న మా అమ్మాయి మోచేత్తో పొడిచింది.

ఈ జబ్బు నాకు ఏడాది కిందట పట్టుకుంది. మార్కాపురంలో ఒక పలకల యూనిట్లో లెక్కలు రాసుకుంటూ, వారానికోసారి మీతో ఈ నాలుగు సినిమా కబుర్లు చెప్పుకునే నేను, యాభైకి చేరువలో గిటార్ ట్యూషన్లో చేరాను.

"ఏమిటీ, ఈ వయసులో గిటారా?" అని మీరు ముక్కున వేలేసుకున్నారని తెలుసు. వేసుకోండి, ఫరవాలేదు. మా బజారంతా వేసుకుంది. మా బాబాయి అయితే గుమ్మంలోనే ఆగిపోయి, "ఏందిరా అబ్బయ్యా, ఇంత వయసొచ్చినాక తంబూర పట్టినావు! కోడలుపిల్ల ఏమన్నా అనిందా?" అని పరామర్శ చేసి వెళ్ళాడు. ఆఫీసులో మా గుమాస్తా, "మన మెట్ట దేశానికి సంగీతమేంది సామీ, తాగను నీళ్ళకే కటకటయితే!" అన్నాడు. నాకు రోషం వచ్చింది. "ఒరే, త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మన అర్ధవీడు మండలంలోదే. ఆయన పూర్వీకులు ఇక్కణ్ణుంచే తమిళదేశం పోయారంటారు, తెలుసా?" అన్నాను. వాడు తాపీగా, "అదే నేను చెప్పేది సామీ, నీళ్ళు లేకనే పోయుంటారు!" అన్నాడు. ఏం జవాబు చెప్పను?

అసలు సంగతేమిటంటే, తప్పంతా సినిమాది.

1989లో "ప్రేమ" వచ్చింది. వెంకటేష్, రేవతి. నేనప్పుడు ఎనిమిదో తరగతి. సెలవులకి గిద్దలూరులో మా మేనత్త ఇంటికి పోతే అక్కడ హాల్లో ఆడుతోంది. బెంచీ టిక్కెట్టు. వెంకటేష్ చేతిలో గిటార్ చూశాను, అంతే. ఇంటికొచ్చి నాన్నని అడిగాను. నాన్న పలకల రాయి చీల్చే పనిలో ఉండేవాడు. "ఎంతవుద్ది?" అన్నాడు. తెలీదన్నాను. "ధర తెలవని వస్తువు మనది గాదు నాయనా, టెన్త్ పాసుగా ముందు" అన్నాడు. కసురుకోలేదు. అందుకే మళ్ళీ అడగలేకపోయాను. టెన్త్ పాసయ్యాను, బీకామ్ పాసయ్యాను, ఉద్యోగం, పెళ్ళి, పిల్ల... గిటార్ మాత్రం తెరమీదే ఉండిపోయింది.

మా కంటే ముందు తరం వాళ్ళకి ఈ జబ్బు "యాదోం కీ బారాత్"తో పట్టుకుంది. 1973. దాన్నే 1975లో మన ఎన్టీఆర్‌తో "అన్నదమ్ముల అనుబంధం"గా తీశారు. తెరమీద గిటార్ పట్టుకున్నవాళ్ళ ఫోటోలు గోడలకెక్కాయి. కానీ తెర వెనక నిజంగా ఆ తీగలు మీటినవాళ్ళ మొహాలు ఎవరికి తెలుసు? "హరే రామ హరే కృష్ణ"లో, 1971లో, దేశాన్నంతా ఊపేసిన ఆ "దమ్ మారో దమ్" గిటార్ భూపిందర్ సింగ్‌ది. గజల్ గాయకుడిగా మనకి తెలిసిన ఆ భూపిందరే! అందుకే అంటాను, హీరో ఎడమ చెయ్యి కదలకపోతే ఆయన తప్పేం లేదు. కదిలే చెయ్యి స్టూడియోలో ఇంకొకాయనది.

"ప్రేమ"కి సంగీతం ఇళయరాజా. ఆయన కూడా ఆ కదిలే చేతులవాళ్ళలో ఒకరే. పణ్ణైపురం పల్లెటూరి నుంచి మద్రాసు చేరి, 1968లో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకోడానికి చేరేనాటికి ఆయనకి పాతికేళ్ళు. అప్పటికే అన్నయ్యతో కలిసి ఊరూరా కచేరీలు చేసి వచ్చిన మనిషి. అయినా మళ్ళీ మొదటినుంచీ మాస్టారి ముందు కూర్చుని నేర్చుకున్నారు. సినిమాలకి గిటార్ వాయిస్తూ, జి.కె. వెంకటేష్ దగ్గర సహాయకుడిగా పనిచేస్తూ, ఆ పనుల మధ్యే పాఠం! లండన్ ట్రినిటీ కాలేజీ వారి గిటార్ పరీక్షలో బంగారు పతకం కొట్టారు. 1976లో "అన్నక్కిళి" వచ్చాకే లోకానికి ఆయన పేరు తెలిసింది. ఆయన ప్రతిభ మనకెక్కడ వస్తుంది లెండి! కానీ "పనుంది, తీరిక లేదు" అనే మాట మాత్రం ఆయన కథ చదివాక నా నోట్లో కొంచెం తడబడుతోంది.

సరే, నా కథలోకి వద్దాం.

మా మాస్టారిది గిద్దలూరు. ఇరవైనాలుగేళ్ళు. ఆదివారం చర్చిలో గిటార్, ముహూర్తాల రోజుల్లో పెళ్ళి ఆర్కెస్ట్రా. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు కంభం మీదుగా బస్సెక్కి మార్కాపురం వచ్చి, ఒక బట్టల కొట్టుపైన అద్దెగదిలో పాఠాలు చెబుతాడు. నెలకి 1500. నన్ను ఆయన "సార్" అంటాడు, ఆయన్ని నేను "మాస్టారూ" అంటాను. మెట్లమీద ఎదురుపడితే ఇద్దరం ఒకరికొకరం దారి ఇచ్చుకుంటూ నిలబడిపోతాం.

మొదటి పాఠంలో గిటార్ నా చేతికివ్వలేదు. "గోళ్ళు చూపించండి సార్" అన్నాడు. ఒకటో తరగతి తరవాత నన్నెవరూ ఆ మాట అడగలేదు! ఎడమచేతి గోళ్ళు పెరిగితే వేలికొస తీగమీద నిలవదట. తరవాత ఆరు తీగల పేర్లు. లావుతీగ నుంచి సన్నతీగకి ఇ, ఏ, డీ, జీ, బీ, మళ్ళీ ఇ. వీణకి ఉన్నట్టే దీనికీ మెట్లున్నాయి. ఒక చేత్తో మెట్ల దగ్గర తీగ నొక్కాలి, రెండో చేత్తో మీటాలి. చెప్పడానికి ఇంతే. నొక్కితే? వేలికొసల్లో సూదులు గుచ్చినట్టు! స్టీలు తీగలు మరి. రెండో రోజు అన్నం కలుపుకుంటుంటే కుడిచెయ్యి మారాజులా ఉంది, ఎడమచెయ్యి మజ్జిగ గ్లాసు పట్టుకోడానికి కూడా ఏడ్చింది.

ప్రాణం పెట్టి నొక్కినా తీగ "టప్ టప్" మంటోంది గానీ పలకడంలేదు. మాస్టారు నా వేలు పట్టుకుని అర అంగుళం ముందుకి, మెట్టు వెనకాలే ఆనేలా జరిపాడు. "గట్టిగా కాదు సార్, దగ్గరగా. మెట్టుకి దూరంగా ఎంత బలంగా నొక్కినా గరగరే. దగ్గరగా నొక్కితే సగం బలం చాలు" అన్నాడు. తీగ పలికింది.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పలకల రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి ఆ పొర మీద సరిగ్గా ఆనించి చిన్నగా తట్టితే ఆకులా విడిపోతుంది. చోటు తప్పి ఎంత బాదినా ముక్కలవుతుంది. "దెబ్బ గాదు నాయనా, చోటు ముఖ్యం" అనేవాడు. నాన్న వేళ్ళు కాయలు కాసి రాయిలాగే ఉండేవి. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడయి, నాకు ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకే పోయాడు. నా చేతికి ఏనాడూ కాయ కాయనివ్వలేదు. మూడువారాలకి నా ఎడమచేతి వేలికొసల మీద తోలు గట్టిపడితే, లెడ్జరు రాస్తూ రాస్తూ ఊరికే తడుముకునేవాణ్ణి. యాభై ఏళ్ళకి వచ్చిన మొదటి కాయలు!

మరి తీరిక ఎక్కడిది అంటారా? తీరిక అనేది దొరకదండీ, దాన్ని ఒకచోట పెట్టుకోవాలి. మాస్టారు చెప్పిన చిట్కాలు రెండే. ఒకటి, గిటార్ సంచిలో పెట్టొద్దు, గోడకి తగిలించు. సంచి జిప్పు తియ్యడానికి బద్ధకించే మనిషి, చేతికందేలా వేలాడుతుంటే ఊరికే ఉండలేడు. రెండు, ఆదివారం రెండుగంటలు కూర్చునే బదులు రోజూ పావుగంట వాయించు. ఆ పావుగంటలో ఒక నిమిషం గడియారం పెట్టుకుని, ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి ఎన్నిసార్లు మారగలవో లెక్కపెట్టు. లెక్కలంటే నాకు చెప్పాలా! నోటుబుక్కులో రాశాను. సీ నుంచి జీకి మొదటివారం నిమిషానికి 7. మూడో నెలకి 31. మా ఆవిడ కుక్కరు పెట్టి మూడు విజిళ్ళు వచ్చేదాకా నా సాధకం. "నాలుగో విజిల్ కూడా రానీ" అని నేను, "పప్పు మాడిపోద్ది" అని ఆవిడ!

ఇంతవరకూ చెప్పింది విని నేనేదో పట్టుదలగల మనిషిననుకునేరు. అసలు కథ ఇక్కణ్ణుంచే.

మార్చి వచ్చింది. సంవత్సరాంతం లెక్కలు. నిజంగానే ఊపిరాడని పని. రెండు క్లాసులు పోయాయి. ఏప్రిల్లో పని తగ్గింది, కానీ ఎఫ్ కార్డు మొదలైంది. చూపుడువేలు ఆరు తీగలమీదా అడ్డంగా పడుకోబెట్టి, మిగతా మూడు వేళ్ళతో మూడు తీగలు నొక్కాలి. గిటార్ నేర్చేవాళ్ళలో సగంమంది ఈ గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి వెనక్కి పోతారని మాస్టారు ముందే హెచ్చరించాడు. నా తరవాతి క్లాసు ఒక తొమ్మిదో తరగతి కుర్రాడిది. నాకంటే నెల వెనక చేరాడు. ఒకరోజు నేను ఎఫ్‌తో కుస్తీ పడుతుంటే వాడు తలుపు దగ్గర నిలబడి చూశాడు. తరవాత లోపలికొచ్చి, చూయింగ్ గమ్ము నములుతూ, అదే కార్డు గణగణమని వాయించాడు. వాడు నవ్వలేదు. నవ్వినా బావుండేది! "అంకుల్, బొటనవేలు కిందికి దించండి" అన్నాడు, జాలిగా.

ఆ జాలి నాకు గుచ్చుకుంది. నా దగ్గర జూనియర్లు లెక్కలు దిద్దించుకుంటారు. ఊళ్ళో నలుగురు నన్ను సలహా అడుగుతారు. అలాంటి నేను చిన్నపిల్లల ముందు గరగరలాడిస్తూ కూర్చోడమా? ఆ తరవాత నాకు పనులు ఎక్కువైపోయాయి. చిత్రమేమిటంటే అవన్నీ మంగళవారం, శుక్రవారమే వచ్చేవి! ఏప్రిల్లో ఎనిమిది క్లాసులుంటే ఐదు ఎగ్గొట్టాను.

మే నెలలో ఒక శుక్రవారం, క్లాసుకి అరగంట ముందు, "ఆడిటర్లు వచ్చారు మాస్టారూ, రాలేను" అని ఫోన్లో కబురుపెట్టి, తాపీగా బస్టాండు దగ్గర టీ కొట్టుకి వెళ్ళాను. బల్లమీద కూర్చుని గ్లాసు నోటిదగ్గర పెట్టుకున్నానో లేదో, భుజాన గిటార్ సంచితో మా మాస్టారు వచ్చి పక్కనే కూర్చున్నాడు.

సినిమాల్లో అయితే ఇక్కడ ఉరుము ఉరుముతుంది. మాకు టీ కొట్టువాడు "ఇంకో టీయా?" అన్నాడు.

మాస్టారు నన్ను చూశాడు. "ఆడిట్ అయిపోయిందా సార్?" అన్నాడు. వెటకారంగా కాదు, మామూలుగా. నా దగ్గర మాట లేదు. కాసేపటికి ఆయనే చెప్పాడు. వేసవి సెలవులు కదా, పిల్లలందరూ ఊళ్ళకి పోయారట. ఇవాళ మార్కాపురంలో ఉన్నది నా క్లాసు ఒక్కటేనట. ఎండలో అంత దూరం వచ్చింది దానికోసమే. సాయంత్రం ఏదో పెళ్ళికి ఆర్కెస్ట్రావాళ్ళు పిలిస్తే, "సార్ క్లాసుంది" అని రానన్నాడట.

నిజం చెబుతున్నాను, ఆ టీ నాకు గొంతు దిగలేదు. క్లాసు మానితే నష్టం నాదేననుకున్నాను ఇన్నాళ్ళూ. నా డబ్బు, నా గంట, నా ఇష్టం! ఆ గంటకి అవతల ఇంకో మనిషి ఉన్నాడనీ, ఆయన బస్సు ఛార్జీ, ఆయన వదులుకున్న పాట అందులో ఉన్నాయనీ జమాఖర్చులు రాసే నాకే తట్టలేదు.

"అది కాదు మాస్టారూ... ఎఫ్ రావడం లేదు. మీ ముందు సిగ్గుగా ఉంది" అన్నాను చివరికి. పెళ్ళిచూపుల్లో కూడా నాకు అంత సిగ్గు వెయ్యలేదు.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మీరు తప్పు వాయిస్తే నాకేం ఇబ్బంది సార్? తప్పు వినడానికే కదా నేను వచ్చేది. మీరు రాకపోతేనే ఇబ్బంది" అన్నాడు. తరవాత వాచీ చూసుకుని, "బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. పైకి పోదామా?" అన్నాడు.

పోయాం. ఆ నలభై నిమిషాలూ నన్ను ఒక్క ఎఫ్ కార్డే వాయించమన్నాడు. బాగా కాదు, ఎలా వస్తే అలా. ఆరు తీగల్లో ఏది పలికింది, ఏది మూగబోయిందో విని చెప్పేవాడు. "మూడోది రాలేదు. మోచెయ్యి లోపలికి. ఇప్పుడు రెండోది రాలేదు. చూపుడువేలు కొంచెం పక్కకి వాలనీండి." ఒంటరిగా వాయించుకున్నప్పుడు నాకు వినబడింది "చెత్త" అనే ఒక్క మాటే. ఆయనకి ఆ చెత్తలో ఏ తీగ ఎందుకు పలకలేదో విడివిడిగా వినబడుతోంది. మాస్టారంటే అదేనండీ. మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్‌కి కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద పలికించేవాడు. గురువుకి వేళ్ళకంటే చెవులు ముఖ్యం. ఆ చెవుల కోసమే మనం ఫీజు కట్టేది. తప్పు వినిపించడానికి సిగ్గుపడితే ఇంక ట్యూషన్ దేనికి?

ఆ రోజు నుంచి మా మధ్య ఒక ఒప్పందం. నెల మొదట్లోనే పూర్తి ఫీజు, నేను వచ్చినా రాకపోయినా. నిజంగా పనుంటే ముందురోజే చెప్పాలి, ఆయన బస్సెక్కక ముందు. ఎఫ్ రాలేదన్నది పని కింద లెక్కకాదు.

ఎఫ్ ఇప్పుడు వచ్చిందా అంటారా? పదిసార్లలో ఆరుసార్లు వస్తుంది. మిగతా నాలుగుసార్లు నాతో మాట్లాడదు. పోయిన నెలలో ఒక సాయంత్రం, కుక్కరు రెండో విజిల్ తరవాత, మా ఆవిడ వంటింట్లోంచి తల బయటపెట్టి, "ఇది 'ప్రేమ'లో పాట కదూ?" అంది. ఏడాదిలో మొదటిసారి, నేను చెప్పకుండానే ఒక మనిషి నా పాట గుర్తుపట్టింది! ఆ సంతోషంలో తరవాతి కార్డు తప్పాను. నాలుగో విజిల్ కూడా వచ్చేసింది. పప్పు మాడింది. ఆవిడ ఏమీ అనలేదు.

ఇక మీతో ఒక మాట, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి వేళ్ళు మెత్తగా, వయసు లేతగా ఉంటాయి. మీరు గిటార్ నేర్చుకుంటే మాకంటే తొందరగా వచ్చేస్తుంది, సందేహం లేదు. నేర్చుకోండి. కానీ ఏదో ఒకరోజు మీ నాన్నో, అమ్మో, పక్కింటి లెక్కల మాస్టారో ఒక పెద్ద సంచి భుజాన వేసుకుని దొంగలా ఇంటికొస్తే, ఆ సంచిలోంచి తీసి గరగరలాడిస్తే, ఒక్క ఆరునెలలు నవ్వకండి. జాలి అసలే పడకండి. వీలైతే మా అమ్మాయిలా చెయ్యండి. మొదట్లో అది కూడా నవ్వింది. ఇప్పుడు కాలేజీకి పోయేముందు తన ఫోన్లో ట్యూనర్ పెట్టి, ఆరు తీగలూ శ్రుతి చేసి గోడకి తగిలించి పోతుంది. "సాయంత్రానికి రెడీ నాన్నా" అంటుంది.

మరి శుక్రవారం వచ్చేసింది. బస్సు కంభం దాటి ఉంటుంది. వెళ్ళొస్తా. వచ్చేవారం కలుద్దాం!